9.2 అనే అంకె: కెమెరా ఫ్లాష్ ఎంత దూరం, ఎంత వెడల్పు?

కెనాన్ ఈఓఎస్ 1500డి కొనేటప్పుడు అందరూ అడిగేది 24 మెగాపిక్సెళ్ల గురించే. మాన్యువల్ చివర్లో, ఎవరూ తిప్పని స్పెసిఫికేషన్ల పేజీలో మరో అంకె ఉంటుంది. ఫ్లాష్ గైడ్ నంబర్ 9.2, ఐఎస్ఓ 100 దగ్గర, మీటర్లలో. పెళ్లి ఫొటోలో మొహాలు తెల్లగా కాలిపోవడానికి, వెనక వరుసలో మేనత్తలు చీకట్లో కలిసిపోవడానికి, స్టేడియంలో కొట్టిన ఫ్లాష్ ముందు సీట్లోని వాళ్ల తల వెనక భాగాన్ని మాత్రమే వెలిగించడానికి కారణాలు చాలావరకు ఆ అంకెలోనే ఉన్నాయి.

లెక్క చిన్నదే. గైడ్ నంబర్‌ను లెన్స్ ఎఫ్ నంబర్‌తో భాగిస్తే, ఫ్లాష్ పూర్తి శక్తితో వెలిగినప్పుడు ఎంత దూరం సరిపోతుందో వస్తుంది. ఈ కెమెరాతో ఇచ్చే 18-55 లెన్స్ 18 ఎంఎం దగ్గర ఎఫ్/3.5 వరకు తెరుచుకుంటుంది. 9.2ని 3.5తో భాగిస్తే 2.6 మీటర్లు. అదే లెన్స్‌ను 55 దాకా జూమ్ చేస్తే ఎఫ్/5.6 కన్నా తెరుచుకోదు. అప్పుడు మిగిలేది 1.6 మీటర్లు. దూరంగా ఉన్నవాళ్లను దగ్గరికి లాగడానికే జూమ్ చేస్తాం కదా, సరిగ్గా అప్పుడే ఫ్లాష్ చేయి పొట్టిదైపోతుంది.

ఐఎస్ఓ పెంచితే చేయి పొడుగవుతుంది, కానీ మనం ఆశించినంత కాదు. ఐఎస్ఓను 100 నుంచి 400కి, అంటే నాలుగు రెట్లు పెంచితే దూరం పెరిగేది రెండు రెట్లే. 1600కి, అంటే పదహారు రెట్లు చేస్తే దూరం నాలుగు రెట్లు. వెలుగు దూరంతో కాదు, దూరం వర్గంతో తగ్గుతుంది. రెండు మీటర్ల దగ్గర పడే వెలుగులో నాలుగు మీటర్లకు చేరేది నాలుగో వంతు, ఆరు మీటర్లకు తొమ్మిదో వంతు. ఉప్పల్ స్టేడియం స్టాండ్ నుంచి పిచ్ దాకా 80 మీటర్లు ఉందనుకుందాం. ఎఫ్/5.6 దగ్గర దానికి కావాల్సిన గైడ్ నంబర్ 448. మన దగ్గరున్నది 9.2. వెలుగు లెక్కలో చూస్తే సుమారు 2,400 రెట్లు తక్కువ. రాత్రి మ్యాచ్‌లో స్టాండ్లన్నీ తళుక్కుమంటుంటే టీవీలో చూడ్డానికి బాగుంటుంది. ఆ తళుకుల్లో ఒక్కటి కూడా బ్యాట్స్‌మన్‌ను చేరదు.

ముప్పావు సెకను కరెంటు

ఇంతకీ ఆ చిన్న గాజు గొట్టంలో ఏముంది? జెనాన్ వాయువు. దానికి కావాల్సిన విద్యుత్తు కెపాసిటర్‌లో నిలవ ఉంటుంది. ఒకసారి వాడి పారేసే ఫిల్మ్ కెమెరాలను విప్పితే 330 వోల్టులు, 120 మైక్రోఫారడ్ల కెపాసిటర్ కనిపిస్తుంటుంది. (విప్పకండి. బ్యాటరీ తీసేసినా అది చాలాసేపు చార్జ్‌తోనే ఉంటుంది, ముట్టుకుంటే గట్టి షాకే కొడుతుంది.) 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ నుంచి 330 వోల్టులంటే 220 రెట్లు పెంచాలి. ఫ్లాష్ వేసిన తర్వాత రెండు మూడు సెకన్లు ఆగాల్సి రావడం, పాత కెమెరాల్లో సన్నగా కూత వినిపించడం ఆ పని వల్లే.

అంత హడావిడి చేసి పోగేసిన శక్తి ఎంతో తెలుసా? సుమారు 6.5 జౌళ్లు. హాల్లో వెలిగే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ముప్పావు సెకనులో తినేసేది అంతే. కాకపోతే ఫ్లాష్ దాన్ని సెకనులో వెయ్యో వంతులో ఖర్చు పెట్టేస్తుంది. ఆ క్షణంలో దాని శక్తి సగటున 6,500 వాట్లు. బలమంతా ఆ కొద్ది సమయంలో కుదించడంలోనే ఉంది.

వెలుగు తగ్గించాల్సి వచ్చినప్పుడు కెమెరా చేసే పని కూడా సమయంతోనే. మెరుపు మసకబారదు, ముందే ఆగిపోతుంది. గొట్టంలో విద్యుత్తు ప్రవహిస్తుండగానే ఎలక్ట్రానిక్ స్విచ్చి తెగ్గొడుతుంది. పూర్తి శక్తికి సెకనులో వెయ్యో వంతు పడితే, బాగా తక్కువ శక్తికి పదివేలో వంతు, అంతకన్నా తక్కువ కూడా చాలు. అందుకే షటర్ స్పీడ్ మారిస్తే ఫ్లాష్ వెలుగు మారదు. షటర్ తెరిచి ఉన్న కాలంలో ఫ్లాష్ ఉండేది రవ్వంత సేపు. దాని మోతాదును మార్చగలిగేవి ఎపర్చర్, ఐఎస్ఓ, దూరం, ఇంకా ఎప్పుడు తెగ్గొట్టాలన్న ఆ నిర్ణయం.

ఆ నిర్ణయం ఎవరు తీసుకోవాలన్న దాని చుట్టూనే ఫ్లాష్ చరిత్ర నడిచింది. ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ను మొదట ఒంట్లో ఇముడ్చుకున్న 35 ఎంఎం కెమెరా జర్మనీ కంపెనీ ఫోక్ట్‌ల్యాండర్ 1964లో తెచ్చిన విట్రోనా. 1975లో జపాన్ నుంచి వచ్చిన కోనికా సీ35 ఈఎఫ్ ఈ సౌకర్యాన్ని జేబు కెమెరాల్లోకి తెచ్చింది. అదే 1975లో ఒలింపస్ ఓఎం-2 అసలు మలుపు తిప్పింది. లెన్స్‌లోంచి వచ్చి ఫిల్మ్ మీద పడి చెదిరే వెలుగును, ఫొటో పడుతుండగానే కొలిచి, చాలనగానే ఫ్లాష్‌ను ఆపేసింది. ఊహించడం లేదు, కొలత మాత్రమే. ఇంత శుభ్రమైన పద్ధతి మళ్లీ రాలేదని నా అభిప్రాయం.

ఏ నిర్ణయమూ తీసుకోని ఫ్లాష్‌లు కూడా ఉన్నాయి, దర్జాగా అమ్ముడయ్యాయి. ఫ్యూజీ క్విక్‌స్నాప్‌లో ఎపర్చర్ ఎఫ్/10, షటర్ 1/140, ఫిల్మ్ ఐఎస్ఓ 400. ఏదీ మారదు, ఫ్లాష్ ఎప్పుడూ ఒకే మోతాదు. ఒక మీటరు నుంచి మూడు మీటర్ల మధ్య తీసుకోమన్నారు. ఆ రెండు కొసల మధ్య వెలుగులో తేడా తొమ్మిది రెట్లు. కలర్ నెగెటివ్ ఫిల్మ్ ఎక్కువైన వెలుగును ఓర్చుకునే రకం కాబట్టి, ప్రింట్ వేసే ల్యాబ్ మిగతాది సర్దేది. డిజిటల్ సెన్సర్‌కు ఆ ఓర్పు లేదు. తెల్లగా కాలిన చోట మళ్లీ తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు.

మధుపర్కాలు, 63 గళ్లు

సెన్సర్ వచ్చాక ఓఎం-2 పద్ధతి పనికిరాలేదు. మట్టిరంగు ఫిల్మ్ వెలుగును నలుదిక్కులా చెదరగొట్టేది. సెన్సర్ మెరిసే గాజు, దాని మీద కొలత నిలవదు. దాంతో ముందు చిన్న మెరుపు వేసి చూసుకుని, ఆ తర్వాత అసలు మెరుపు వేసే పద్ధతి స్థిరపడింది. కెనాన్ 1995లో ఈ-టీటీఎల్ అంటూ దీన్ని మొదలుపెట్టి, 2004లో ఈఓఎస్-1డి మార్క్ 2తో ఈ-టీటీఎల్ 2గా మెరుగుపరిచింది. 1500డిలో ఉన్నది ఈ రెండోదే.

బటన్ పూర్తిగా నొక్కగానే ఇలా జరుగుతుంది. కెమెరా దృశ్యాన్ని 63 గళ్లుగా విడదీసి, ఫ్లాష్ లేకుండా ఏ గడిలో ఎంత వెలుగుందో రాసుకుంటుంది. తర్వాత చిన్న ముందు మెరుపు. మళ్లీ 63 గళ్ల కొలత. రెండింటి తేడా ఎక్కడుందో అక్కడే దగ్గరి వస్తువు, అంటే మనిషి, ఉన్నట్టు లెక్క. ఏదైనా గడిలో తేడా మరీ అసహజంగా ఉంటే, అంటే వెనక అద్దమో స్టీలు బిందో తిరిగి కొట్టినట్టుంటే, ఆ గడిని పక్కన పెడుతుంది. లెన్స్ ఎంత దూరంలో ఫోకస్ అయిందో చెప్పగలిగితే ఆ సమాచారం కూడా కలుపుకుంటుంది. అప్పుడు అసలు మెరుపు ఎంతసేపు ఉండాలో తేల్చి వెలిగిస్తుంది. ఇదంతా మనకు ఒక్క మెరుపుగానే కనిపిస్తుంది. కొందరికి మాత్రం మొదటి మెరుపుకే కన్ను మూతపడి, రెండో మెరుపులో మూసుకున్న కళ్లతో ఫొటో వస్తుంది. ప్రతి గ్రూప్ ఫొటోలోనూ కళ్లు మూసుకునే బాబాయిని తిట్టి ప్రయోజనం లేదు, ఆయన రెప్ప చురుకైంది, అంతే.

ఇంత తెలివిలోనూ ఒక గుడ్డి నమ్మకం మిగిలింది. లోకం సగటున బూడిద రంగులో ఉంటుందని, పడిన వెలుగులో 18 శాతం తిప్పి పంపుతుందని కెమెరా నమ్ముతుంది. ఇక మన పెళ్లి చూడండి. మంగళసూత్రం కట్టేవేళకు వధూవరులిద్దరూ మధుపర్కాల్లో ఉంటారు. ఎర్రంచు తెల్ల నూలు చీర, ఎర్రంచు తెల్ల పంచె. తెల్ల నూలు బట్ట వెలుగులో 80 శాతం దాకా తిప్పి పంపుతుంది. 18 అనుకున్న చోట 80 వచ్చిందంటే నాలుగు రెట్లకు పైనే. వెలుగు ఎక్కువైందనుకుని కెమెరా ఫ్లాష్‌ను ముందే తెగ్గొడుతుంది. మధుపర్కాలు బూడిదరంగుకు దిగుతాయి, మొహాలు నల్లబడతాయి. గళ్ల లెక్క ఈ పొరపాటును కొంత తగ్గిస్తుంది, పూర్తిగా పోగొట్టదు. అందుకే పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఆ ఘట్టం మొదలవగానే ఫ్లాష్ కాంపెన్సేషన్‌ను ప్లస్ వైపు తిప్పుకుంటారు. 1500డిలో రెండు స్టాపుల దాకా పెంచే వీలుంది, ఇక్కడ సాధారణంగా ప్లస్ 1 చాలు. నల్ల సూట్‌తో రిసెప్షన్‌లో నిలబడ్డప్పుడు దీనికి తలకిందులు. తెరంతా నలుపే కనిపించి కెమెరా ఫ్లాష్‌ను పొడిగిస్తుంది, మొహాలు సున్నం కొట్టినట్టు వస్తాయి. అక్కడ మైనస్.

తర్వాత తలంబ్రాలు. ఫ్లాష్‌కు బలమూ బలహీనతా ఒకే ఫ్రేములో కనిపించే సందర్భం ఇది. దోసిలి నుంచి బియ్యం సెకనుకు మూడు మీటర్ల వేగంతో లేచిందనుకుందాం. ఫ్లాష్ లేకుండా 1/60 షటర్‌తో తీస్తే ఒక్కో గింజ ఐదు సెంటీమీటర్ల గీతై పోతుంది. సెకనులో వెయ్యో వంతు ఫ్లాష్‌లో అదే గింజ కదిలేది మూడు మిల్లీమీటర్లు. ఫ్లాష్ దగ్గర నుంచి, తక్కువ శక్తితో, పదివేలో వంతు సేపే వెలిగితే 0.3 మిల్లీమీటర్లు. గింజ గింజా గాల్లో నిలబడిపోతుంది. కానీ ఆ గింజల్లో కొన్ని కెమెరా వైపు ఎగిరి మీటరు దూరంలో ఉంటాయి, పెళ్లికూతురు మొహం రెండు మీటర్లలో ఉంటుంది. ముందున్న గింజల మీద నాలుగు రెట్ల వెలుగు. పసుపు కలిపిన బియ్యం తెల్లటి చుక్కలుగా కాలిపోతుంది. అరవై మూడు గళ్లు ఉన్నా ఫ్లాష్ ఒక్కటే, మోతాదు ఒక్కటే. మొహానికి సరిపడా ఇచ్చిన వెలుగును గింజకు తగ్గించి ఇచ్చే మార్గం దానికి లేదు.

గాల్లో తేలే దుమ్ము సంగతీ ఇంతే. లెన్స్‌కు 20 సెంటీమీటర్లలో ఉన్న దుమ్ము కణం మీద, రెండు మీటర్లలో ఉన్న మనిషి కన్నా వంద రెట్ల వెలుగు పడుతుంది. ఫోకస్‌లో ఉండదు కాబట్టి గుండ్రటి వెలుగు మచ్చగా వస్తుంది. గుళ్లో తీసిన ఫొటోలో అలాంటివి కనిపిస్తే కొందరు దండం పెడతారు, పాడుబడిన ఇంట్లో కనిపిస్తే పరుగెడతారు.

వెడల్పు ఎవరి చేతిలోనూ లేదు

ఎంతసేపు వెలగాలో కెమెరా ఇంత బాగా చూసుకుంటుంది. వెలుగు ఎటు, ఎంత వెడల్పున పడాలన్న దాని మీద మాత్రం దానికి దాదాపు పట్టు లేదు. 1500డి ఫ్లాష్ గొట్టం వెనక ఒక వంపు రిఫ్లెక్టర్, ముందు గీతలు గీసిన ప్లాస్టిక్ కిటికీ ఉంటాయి. ఆ రెండూ కలిసి 17 ఎంఎం లెన్స్ చూసేంత వెడల్పుకు వెలుగును పరుస్తాయి. ఫ్యాక్టరీలో బిగించిన కోణం. మారదు.

18 ఎంఎం దగ్గర, రెండు మీటర్ల దూరంలో, ఈ సెన్సర్ చూసే దృశ్యం సుమారు 2.5 మీటర్ల వెడల్పు, 1.65 మీటర్ల ఎత్తు. అంటే నాలుగు చదరపు మీటర్లకు కాస్త పైన. అక్కడే నిలబడి 55కు జూమ్ చేస్తే చూసేది 0.8 మీటర్ల వెడల్పు, 0.54 మీటర్ల ఎత్తు, అర చదరపు మీటరు కూడా లేదు. ఫ్లాష్ మాత్రం ఆ మొత్తం నాలుగు చదరపు మీటర్లనూ వెలిగిస్తూనే ఉంటుంది. అంతటా సమంగా పడిందనుకుంటే, ఫొటోలోకి వచ్చేది వందలో పది, పదకొండు వంతులు. మిగతా తొంభై గోడలకూ, పక్కన ప్లేటు పట్టుకుని నిలబడ్డవాళ్ల కళ్లలోకీ పోతుంది. బయట తగిలించుకునే పెద్ద ఫ్లాష్‌లు ఇక్కడే గెలుస్తాయి. లెన్స్ జూమ్ అయిన కొద్దీ లోపల గొట్టం వెనక్కి జరిగి కోణాన్ని కుదిస్తుంది. కెనాన్ 600ఈఎక్స్ గైడ్ నంబర్ 60 అని ఘనంగా చెప్పేది 200 ఎంఎం జూమ్ దగ్గరి లెక్క. ఆ 60ని మన 9.2 పక్కన నేరుగా పెట్టి పోల్చడం న్యాయం కాదు, షాపుల్లో మాత్రం అలాగే పోలుస్తారు.

లోతు విషయంలో మనం చేయగలిగింది ఒకటుంది. వెనక్కి జరగడం. గ్రూప్ ఫొటోలో ముందు వరుస రెండు మీటర్లలో, వెనక వరుస మూడున్నర మీటర్లలో ఉంటే, ముందువాళ్ల మీద మూడు రెట్ల వెలుగు. రెండు మీటర్లు వెనక్కి వెళ్లండి. ఇప్పుడు నాలుగు, ఐదున్నర. తేడా 1.9 రెట్లకు దిగింది. అంత వెనక్కి వెళితే కాస్త జూమ్ చేయాలి, లెన్స్ ఎఫ్/4.5కు వస్తుంది. నాలుగు మీటర్లకు కావాల్సిన గైడ్ నంబర్ 18. ఐఎస్ఓ 400 పెడితే మన 9.2 కాస్తా 18.4 అవుతుంది, సరిగ్గా అంచు మీద. 800 పెట్టుకుంటే నిశ్చింత. ఫ్రేముకు రెండు కొసల్లో ఉన్నవాళ్లు ఎలాగూ కొంచెం మసకగానే వస్తారు, పెద్దవాళ్లను మధ్యలో కూర్చోబెట్టే మన ఆచారం ఇక్కడ కలిసొచ్చింది.

లెన్స్‌కు హుడ్ తగిలించి ఫ్లాష్ వేస్తే ఫొటో అడుగున అర్ధచంద్రాకారపు నీడ పడుతుంది. ఫ్లాష్ ఎత్తు చాలక హుడ్ అడ్డం వస్తుంది. తీసేయండి, అంతే. ఎర్ర కళ్లకూ ఆ ఎత్తే కారణం. ఫ్లాష్ లెన్స్‌కు ఎంత దగ్గరగా ఉంటే, కంటి వెనక రక్తనాళాల పొర నుంచి తిరిగొచ్చే ఎర్రటి వెలుగు అంత నేరుగా లెన్స్‌లోకి వస్తుంది. మూడు సెంటీమీటర్ల ఎడం ఉన్న జేబు కెమెరాకు మూడు మీటర్ల దూరంలో ఆ కోణం అర డిగ్రీ, తొమ్మిది సెంటీమీటర్లు లేచే ఫ్లాష్‌కు 1.7 డిగ్రీలు. దూరం పెరిగినకొద్దీ రెండూ తగ్గుతాయి.

ఇక వెనక నల్లగా రావడం. ఫ్లాష్ ఫొటో అంటే ఒకే ఫ్రేములో రెండు ఎక్స్‌పోజర్లు. మనిషి మీద ఫ్లాష్‌ది, వెనక హాలు లైట్లది. ఐఎస్ఓ 100, ఎఫ్/4, 1/60 దగ్గర హాలు లైట్లకు అవకాశమే లేదు, అంత ఖర్చు పెట్టి కట్టిన పూల మండపం చీకటి గుహలా వస్తుంది. ఐఎస్ఓ 1600, షటర్ 1/30 చేస్తే వెనక వెలుగు 32 రెట్లు పెరుగుతుంది. అదే సమయంలో మనిషి మీద ఫ్లాష్ పదహారో వంతు శక్తి పెడితే చాలు. బ్యాటరీ మిగులుతుంది, వెంటనే మళ్లీ సిద్ధమవుతుంది, మొహం మీద ఆ కొట్టొచ్చినట్టుండే జిడ్డు మెరుపు కూడా తగ్గుతుంది. ఆటో మోడ్ ఈ పని ఎందుకు చేయదంటే, చేయి వణికి ఫొటో అదిరితే తిట్లు తనకే కాబట్టి.

పగటి ఎండలో ఫ్లాష్ కథ చాలామందికి నమ్మబుద్ధి కాదు. మిట్టమధ్యాహ్నం ఎండకు ఐఎస్ఓ 100, ఎఫ్/16, 1/100 స్థూలంగా సరిపోతుంది. ఈ కెమెరాలో ఫ్లాష్‌తో కలిసి నడిచే గరిష్ఠ షటర్ 1/200. అంతకన్నా వేగమైతే షటర్ తెరలు సెన్సర్‌ను ఒకేసారి పూర్తిగా తెరవవు, సగం ఫొటో నల్లగా వస్తుంది. కాబట్టి 1/200, ఎఫ్/11. 9.2ని 11తో భాగించండి. 84 సెంటీమీటర్లు! టోపీ కింది నీడను పూర్తిగా చెరిపేయాలంటే అంత దగ్గరికి వెళ్లాలి. సగం మోతాదు చాలనుకుంటే 1.2 మీటర్లు. రాత్రి హాల్లో, ఐఎస్ఓ 1600, ఎఫ్/4 దగ్గర ఇదే ఫ్లాష్ 9.2 మీటర్లు వెళ్లగలదు.

ఖరీదైన కెమెరాలు ఈ బుల్లి ఫ్లాష్‌ను వదిలించుకుంటున్నాయి. నికాన్ డి810కి ఉండేది, 2017లో వచ్చిన డి850కి లేదు. ఫోన్లలోనూ జెనాన్ నిలబడలేదు. 2012లో నోకియా 808 ప్యూర్‌వ్యూ, 2013లో లూమియా 1020 దాన్ని పెట్టుకున్నాయి, తర్వాత దాదాపు అంతా ఎల్‌ఈడీలే. ఫోన్ ఎల్‌ఈడీ 5 వాట్లు తీసుకుంటుందనుకుంటే, సెకనులో ముప్పయ్యో వంతులో ఖర్చు పెట్టేది 0.17 జౌళ్లు. జెనాన్ గొట్టం 6.5 జౌళ్లకు అది నలభయ్యో వంతు. పైగా ఆ ముప్పయ్యో వంతులో మన తలంబ్రాల గింజ పది సెంటీమీటర్లు ప్రయాణించేస్తుంది.

అయితే కెమెరాలోని బుల్లి జెనాన్ ఫ్లాష్ చేయలేని రెండు పనులు ఫోన్ చేసింది. 2013లో ఐఫోన్ 5ఎస్ తెల్లది ఒకటి, పసుపు ఛాయది ఒకటి, రెండు ఎల్‌ఈడీలు పెట్టి గదిలో లైట్ల రంగుకు తగ్గట్టు మెరుపు రంగును మార్చింది. జెనాన్ మెరుపు ఎప్పుడూ పగటి తెలుపే, పసుపు బల్బుల గదిలో మొహం నీలిగా, గోడ నారింజగా వచ్చేది దాని వల్లే. 2022లో ఐఫోన్ 14 ప్రో తొమ్మిది ఎల్‌ఈడీల వరుసతో, ఏ లెన్స్ వాడుతున్నారో చూసి వెలుగు పరిచే తీరునే మార్చుకుంది. దాని చేయి మాత్రం పొట్టిదే. పందిట్లో వెనక కుర్చీల నుంచి ఫొటో తీస్తున్నట్టయితే ఫోన్ ఫ్లాష్ ఆపేయండి, వీడియోవాళ్ల లైటు మండపం మీద ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది.